బుగులు

కల్వకుర్తిల, మిడ్జిల్ తొవ్వకు
నా మోటర్ వైండింగు షాపు.
ఎండకాలమొస్తే కాలిన మోటర్లు
దవఖాన ముందట రోగులోలె పండుకుంటయ్.

ఒక్కొక్కటి ఇప్పుతా.
మాడిన రాగితీగ, కమురు వాసన.
"కరెంటెక్కువొచ్చి కాలిందా?" అంటరు రైతులు.
ఎక్కువొచ్చి కాలినయి తక్కువ.
అడుగున నీళ్లు లేక
వట్టిగ తిరిగి తిరిగి కాలినయే శాన.
పైన మంట అందరికి కనవడ్తది,
లోపల ఎండిన బోరు ఎవరికి కనవడ్తది?

ఈ ముచ్చట ఇరవై ఏండ్ల సంది
వచ్చినోనికల్ల చెప్తున్న.
నాకు నేను చెప్పుకోలే.

మొన్న శనివారం, వాన వెలిసినంక
నా బిడ్డ నవనీత, ఆరో తరగతి,
తడి చేతులతోని స్టార్టర్ డబ్బ మూత తీసింది.
పచ్చ బటన్ మీద దాని బొటనేలు.

తర్వాత ఏం జరిగిందో సగమే యాదికుంది.
దాని చెంప మీద నా ఐదేళ్లు.
"సస్తవా! సచ్చేదానివి సావు!"
అన్న. ఆ మాటే అన్న.
సువర్ణ పిండి చేతులతోనే ఉరికొచ్చి
బిడ్డను కొంగుల దాసుకుంది.
నా దిక్కు చూసిన చూపు
మొగని దిక్కు చూసేది కాదు,
తెగిన తీగ దిక్కు చూసేది.

రాత్రి అన్నం కాడ ఎవ్వరు మాట్లాడలే.
తలెలల వేళ్ల సప్పుడే.
బజార్ల నన్ను తిక్క చెన్నకేశులు అంటరు,
నేను గూడ నవ్వుతుంటి.
ఆ రాత్రి చెయ్యి చూసుకుంటె ఒకటి తెలిసింది:
కొట్టినంక కాదు,
కొట్టకముందే వణికింది ఈ చెయ్యి.

ఆ వణుకు పట్టుకోని లోపలికి దిగిన,
బోర్లకు తాడు ఇడిసినట్టు, గజం గజం.

అడుగున మా నాయిన కుర్మయ్య.
రాత్రి రెండింటికి కరెంటిచ్చే కాలం.
మడి తడి. కాళ్లకు చెప్పుల్లేవు.
బ్యాటరి లైటు నేను పట్టిన,
ఆయన డబ్బ మూత తీసిండు.
లైటు నా చేతులకెల్లి జారి
మడిల పడ్డది, ఆరిపోలే,
వరి మొదళ్లకు వెలుగిస్తనే ఉంది.
నేను ఒర్రలే. గొంతు రాలే.
నాకప్పుడు పదకొండేండ్లు.
నవనీతకు ఇప్పుడు పదకొండేండ్లు.

దినాలైనంక అవ్వ నన్ను దర్గకు తోల్కపోయింది.
ముజావరు నెమలీకలతోని దిగదుడిచి
"జడుసుకున్నడు" అని మెడల నల్లదారం కట్టిండు.
దారం ఏడాదికి తెగింది.
బుగులు తెగలే, పేరు మార్చుకుంది.
మీసాలొచ్చినంక తిక్క అయింది.
మొగోడు బుగులువడ్తె ఊరు నవ్వుతది,
కోపానికొస్తే పక్కకు జరిగి తొవ్విస్తది.
నాకా తొవ్వ పాడుగాను మంచిగనిపిచ్చింది.

కరెంటు పనే ఎందుకు నేర్చినవని అడిగితే
పైసలకని చెప్పేటోన్ని.

ఐతారం పొద్దున బిడ్డ షాపు దిక్కు రాలే.
నేనే పోయి కడప మీద కూసున్న.
"కొట్టుడు నా తప్పు" అన్న.
అది పలుకలే, గోటితోని గోడ గీకుతుంది.
"కోపం కాదు బిడ్డా, నాకు బుగులైంది."
ఆ మాట నోట్లకెల్లి రానీకె
పుప్పిపన్ను పీకినంత పనైంది.
గోడ గీకుడు ఆగింది.
"నీకు గూడనా?"

తాత ముచ్చట చెప్పిన. అంత చెప్పలే,
లైటు కాడ ఆపేసిన.

పగటీలి షాపుకొచ్చింది.
"చేతులు తుడుసుకో, చెప్పులేస్కో.
మెయిన్ బంద్ చేసిన. అయినా నమ్మొద్దు,
టెస్టర్ పెట్టి చూడు" అన్న.
సువర్ణ తలుపుకాడ నిలవడ్డది,
లోపలికి రాలే, పోలే.

టెస్టర్ కొన తీగకు ఆనిచ్చి
నవనీత నా దిక్కు తిరిగింది.
"నాయినా, నీ చెయ్యి వణుకుతుంది."
ఎప్పుడైతే జేబుల పెట్టుకుందును.
"వణకనీ" అన్న.
"నువ్వు టెస్టర్ల లైటు చూడు."