ఐబు

ఫర్వానియాలో, ఎక్స్ఛేంజి మెట్ల కింద
నా టైపింగ్ కొట్టు. ఒక ఏసీ, రెండు కుర్చీలు.
మస్తానమ్మ ఫోను కవరు ఊడదీసి
బల్లమీద ఒక కాగితం పరిచింది.
తెల్ల కాగితం. ఇంకేం లేదు.

"మే నెల్లో కొన్నా కుక్కరు. ఏడున్నర దీనార్లు.
అంతా ఉన్నింది దీంట్లో, తేదీ, అంగడి పేరు.
వేడికి ఎగిరిపాయ."

తిప్పి చూశాను.
వెనకవైపు ఎర్రసిరా మాత్రం చెక్కుచెదర్లేదు:
అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

ఎడమచెయ్యి మోచేతిదాకా కొత్త చర్మం,
ఇంకా ఆమెది కానట్టు.
శుక్రవారం. ఆరుగురికి పప్పు.
మూడో కూతకి ముందే మూత లేచింది.
సీలింగు మీద మరక ఇంకా ఉందట, ఫోటో చూపించింది.

అంగడివాడు: నీళ్లెక్కువ పోసుంటావు.
అంగడికి వేసినవాడు: నేను డబ్బా విప్పనే లేదు.
ఓడలో తెప్పించినవాడు ఫోను తీయడు.
అన్ని చేతులు మారి వచ్చిన కుక్కరు
చివరి చేతిని కాల్చింది.

"నా జాతకంలోనే దోషముండాది."

నేను అరబ్బీ కొడుతున్నాను.
పైకి చదువుతూ కొట్టడం నా అలవాటు.
సరుకులో దాగిన ఐబ్‌కి అమ్మినవాడే...

"ఏమంటివి? ఐబా?"
కుర్చీ ముందుకు జరిగింది.
"మా నాయన ఎద్దుల బేరగాడు.
పండ్లు జూసి, తోకెత్తి జూసి, నడిపిచ్చి కొనేవాడు.
ఇంటికొచ్చినాక ఐబు బయటపడితే
పలుపు పట్టుకోని పొయ్యి
అమ్మినోని గుంజకే కట్టేసి వొచ్చేవాడు.
కొన్నోనిదే తప్పని రాయచోటి సంతలో ఎవురూ అనరు."

ఏ గుర్రాల వర్తకుడి సంచిలో
ఆ మాట మా ఊళ్లకి వచ్చిందో.
దాని సొంతూళ్లో ఇవాళ ఆమెకి తగిలింది.

చివరి గడి: మీరేమి కోరుతున్నారు?
చాలాసేపు చూసింది.
"ముందు నా దుడ్లు రాయి. ఆస్పత్రివి గూడా.
అంగట్లో ఇంగా పదకొండు పేర్చుండారు,
గరిటె ఊరికే ఇస్తారంట.
అవి దించమని రాయి."

గెలుస్తుందో లేదో నాకు తెలీదు.
ఆ కిటికీ ముందు వరస ఎప్పుడూ పొడుగే.

టైపింగుకి దీనారున్నర.
మిషన్లోంచి చీటీ చింపి ఇచ్చాను.
గోటితో గీసింది. నల్లటి గీత పడింది.
వెనక్కి తోసింది.

"సిరాతో రాసియ్యి, నాయనా."