ఖాళీ లారీ బరువు

జ్ఞానాపురంలో మా ఇంటి గుమ్మం
రోజుకి మూడుసార్లు కడిగినా నల్లగానే ఉండేది.
హార్బరు నుంచి గాలి మళ్ళితే చాలు
ఆరేసిన నా యూనిఫాం మీద బొగ్గు దిగేది.
నాన్న ఆ బొగ్గునే తూచేవాడు.
కాటా గుమాస్తా పరదేశి.
ముందు పుట్టిన ఇద్దరూ పోయారని
ఊరూ పేరూ లేనివాడనుకుని చావు వదిలేస్తుందని
తాత పెట్టిన పేరు.

లారీ నిండుగా ఒకసారి కాటా ఎక్కుతుంది,
ఖాళీ అయ్యాక ఒకసారి.
మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలిందే సరుకు.
ఆ రెండో అంకెని ఓ రెండు వందల కిలోలు జరిపితే
శనివారం సాయంత్రం మడత పెట్టిన కవరు.
ఆ కవర్లలోంచే మా ఫ్యాను, అమ్మ చెవి దుద్దులు,
నా జామెట్రీ బాక్సు.

ముప్పై తొమ్మిదో ఏట నాన్న
జోడుగుళ్ళపాలెం ఒడ్డున నడుంలోతు నీళ్ళలో మునిగాడు.
పాస్టరుగారి పట్టు జారి
అల ఇంకో రెండుసార్లు ముంచింది.
"ఒకపాలికి సరిపోనేదు మీ అయ్యకి" అని
అమ్మ పగలబడి నవ్వింది.
సోమవారం నుంచి నవ్వలేదు.

సోమవారం నాన్న ఉన్న అంకె ఉన్నట్టు రాశాడు.
మంగళవారం కూడా.
బుధవారం కాంట్రాక్టరు మనిషి వచ్చి, మర్యాదగానే,
"దేవుడు గుండెలో ఉంటే సరిపోద్ది గదా పరదేశీ,
లెక్కల పుస్తకంలోకి ఎందుకు?" అన్నాడు.
నెల తిరక్కుండా ఆ బల్ల మీద
వేరెవరిదో టీ గ్లాసు.

అది సరే. అది క్షమించాను.

ఇంటర్ అయ్యాక నా సర్టిఫికెట్టు కోసం వెళ్ళాం.
ఫారంలో మతం అని ఒక గడి.
ఆదివారం మా పక్కనే కూర్చుని పాడేవాళ్ళు
ఆ గడిలో తాతల నాటి మాటే రాసి వెళ్ళారు.
వాళ్ళని తప్పు పట్టను.
నానమ్మ ఊళ్ళో టీ కొట్టు చూరులో
మా కోసం విడిగా పెట్టిన గ్లాసు చూసినదాన్ని,
కులం ఏ నీళ్ళలోనూ కరగదని నాకు తెలుసు.
నాన్న పెన్ను అడిగాడు.
కిటికీ అవతలి గుమాస్తా జాలిపడి
"ఇంకో ఫారం ఇస్తాను, ఆలోచించుకో" అన్నాడు.
ఇంకో ఫారంలోనూ అదే రాశాడు,
గుండ్రంగా, టన్నులు రాసిన చేత్తో.

నర్సింగు సీటు పోయింది.
రెండేళ్ళు నాన్నతో మాట్లాడలేదు.
"అన్నం పెట్టాను" అన్నది మాటయితే
మాట్లాడాను.

ఆయనకి ఏం దొరికింది?
పూర్ణా మార్కెట్టులో రాత్రిళ్ళు బస్తాలు దించే పని,
వీపు నిండా ఉల్లిపాయ వాసన.
నిద్ర దొరికింది, అది ఒప్పుకోవాలి.
కవర్ల రోజుల్లో తెల్లవార్లూ గుమ్మంలో బీడీ వెలిగేది.
ఇప్పుడు చాప మీద వాలితే
కరెంటు ఉన్నా లేకపోయినా గురక.

ఒక్కసారి అడిగాను, కోపంగానే.
"నీ దేవుడికి నువ్వు పెట్టిన ఖర్చు నాది కదా?"
ఏదో వాక్యం చెప్తాడనుకున్నాను.
"నీదేనమ్మా" అన్నాడు.
"నాది నాను ఇచ్చీసేను.
నీది మాత్రం అడక్కండా తీసుకున్నాను.
ఆ లెక్క తేలనేదు.
రోజూ ఆయన ముందర అదే పెడతన్నాను."

ఇప్పుడు కంచరపాలెంలో మందుల షాపులో చేస్తున్నాను.
నిన్న డేటు దాటిన సిరప్పు సీసాలూ
కొత్త లేబుళ్ళూ ఓనరు నా ముందు పెట్టాడు.
గోరంత కాగితం. జిగురు కూడా దానికే ఉంది.
నేను ఏ నీళ్ళలోనూ దిగలేదు.
నమ్ముతానో లేదో కూడా తెలీదు.
అయినా చెయ్యి లేవలేదు.

ఓనరు చూస్తున్నాడు.
బయట రోడ్డు మీద ఖాళీ లారీ ఒకటి
గొలుసులు గలగలలాడిస్తూ పోర్టు వైపు పోతోంది.
దాని బరువెంతో
నాన్నయితే చప్పుడు విని చెప్పేసేవాడు.