పద్నాలుగో నెంబరు రూటు

నా చొక్కా జేబు మీద ఉంది ఆ పేరు,
నీలం దారంతో, ఇంగ్లీషులో.
తొమ్మిదేళ్ళుగా ఉతుకుతోంది జాన్‌బీ.
ఒక్క పోగు కూడా ఊడలేదు.

ఆప్షన్లు పెట్టాల్సిన ఆఖరి రాత్రి
డీజిల్ స్లిప్పు వెనక లెక్క వేశాను.
ఏడాదికి మూడు లక్షల ఇరవై వేలు.
స్టాఫు పిల్లలకి పావలా వంతు తగ్గింపు.
పోగా తేలింది
నా పన్నెండు నెలల జీతం,
పైన ముప్పై ఆరు వేలు.
అంటే ఇంట్లో ఎవరం మెతుకు ముట్టకుండా
ఏడాదంతా నేను బస్సు తోలితే
ఇంకా ముప్పై ఆరు వేలు అప్పన్నమాట.
అలాంటి ఏళ్ళు నాలుగు.

సర్కారు కాలేజీ నరసరావుపేట దారిలో.
దాని ఫీజు రాయడానికి
స్లిప్పు మీద మిగిలిన మూల సరిపోయింది.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నాడు
మా బావమరిది కాశింసైదా.
దిబ్బేం కాదు.
ఆ లైబ్రరీ అద్దాల్లో నా బస్సు మొత్తం కనిపిస్తుంది,
వైపర్లతో సహా.
మొదటేడు నోరు విప్పని పిల్లలు
నాలుగో ఏడు ఫోన్లో ఎవరితోనో
జీతం బేరమాడటం అద్దంలోంచి చూశాను.
దిగేటప్పుడు నా చేతిలో స్వీటు పెట్టారు.
అబద్ధమెందుకాడాలి.

కానీ డాష్‌బోర్డు కింద
నవంబరులో ఆఫీసు వాళ్ళిచ్చే కాగితం ఒకటుంటుంది.
అందులో పేరున్న వాళ్ళని ఎక్కించుకోకూడదు.
లాడ్జి సెంటర్లో ఒకబ్బాయి
మెట్టు మీద కాలు పెట్టాక
నేను కాగితం వైపు చూశాను.
వాడూ చూశాడు.
కాలు వెనక్కి తీసుకుని
బూటు లేసు ఊడినట్టు వంగాడు.
లేసు ఊడలేదు.
ఆ తలుపు గాలితో మూసుకుంటుంది.
చప్పుడు రాదు.

ఈ సంగతి షాహీనాకి ఎప్పుడూ చెప్పలేదు.
అది స్లిప్పు తీసుకుని చదివి
లెక్కలో తప్పు పట్టింది:
"బస్సు ఫీజు మర్చిపోయావు నాన్నా."
నా బస్సుకే ఫీజు. నాకు నవ్వొచ్చింది.
అది నవ్వలేదు.
"అక్కడ ల్యాబులు బాగుంటాయా?"
బాగుంటాయన్నాను.
ఇంకేదైనా చెబుతానేమోనని
కాసేపు నా మొహం చూసింది.

ఏం చెప్పను?
గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ బస్సుకి కొట్టే సెల్యూటు
ఒక్కరోజు నాకు కొడితే బాగుండునని ఉంది నాకు.
మొదటి గడిలో ఆ పేరే ఉండాలని ఉంది.
కూతురితో ఇలాంటివి అనగలమా.

పదకొండు నలభైకి నెట్టు పోయింది.
పక్కింటి వాళ్ళ వైఫై అడుక్కుని నేనొచ్చేసరికి
అది తన ఫోన్లోనే
ఒకటిని రెండు చేసి, రెండుని ఒకటి చేసి
సేవ్ నొక్కేసింది.
జాన్‌బీ అప్పటికే నిద్రపోయింది.
లేక పోయినట్టు పడుకుందో.

మార్చిలో, యార్డుకి సరుకు పోటెత్తే రోజుల్లో,
చుట్టుగుంట సిగ్నల్ దగ్గర
పల్లెవెలుగు ఒకటి నా పక్కకొచ్చి ఆగింది.
కడ్డీ పట్టుకుని షాహీనా,
ముక్కుకి చున్నీ అడ్డం, కళ్ళ నిండా నీళ్ళు.
మిర్చి ఘాటుకే.
నా బస్సులోనూ దగ్గుతున్నారు,
ఏసీ వేసుకుని, అద్దాలు బిగించుకుని, అందరూ.

చెయ్యి ఊపింది.
"ఎవరంకుల్?" అంది ముందు సీటు పిల్ల.
మా అమ్మాయి.
"ఏ కాలేజీ?"
చెప్పాను.
"అదెక్కడుంది?"
వెటకారం కాదు, మామూలుగానే అడిగింది.

ఈ రోడ్డు మీదేనమ్మా, తిన్నగా వెళ్తే, అన్నాను.
పచ్చలైటు పడింది.
నేను కుడికి తిప్పాలి.