గుర్రం పళ్లు

సోహార్‌లో డిసెంబరు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.
రాత్రి పదింటికి పక్కింటి మరైకె,
చంకలో చిన్నది, ఒంటిమీద మొగుడి చొక్కా.
అతను ఓడమీద, సముద్రం అడుగున ఇసుక తోడే పనిలో.

"క్యారెట్ ఉందా?"

పిల్లలు గుమ్మంలో బూట్లు పెట్టుకున్నారట,
తెల్లగుర్రమెక్కి గడ్డం తాత వస్తాడట,
గుర్రానికి మేత లేదట.

సాంబారుకని దాచిన సగం ముక్క నా దగ్గర.
వంటింటి గట్టుకి ఆనుకుని చెరోవైపూ కొరికాం.
"ఇంకాస్త మొరటుగా" అంది.

నవ్వి నవ్వి పొలమారింది తనకి.
నెత్తిన తట్టాను, "ఎవరో తలుచుకుంటున్నారు."
"గుర్రమే" అంటూ
ఓడరేవు దీపాల వైపు చూసింది.

పొద్దున్నే మా హవిష్, వాళ్ల యెల్లె
ఎంగిలి క్యారెట్ పట్టుకుని ఒకటే తగువు:
గుర్రం కాదు,
ఇవి ఒంటె పళ్లని మావాడు.