షార్టేజీ

కంచరపాలెం మెట్టు దగ్గర మూసేసిన బంకు.
కప్పు మీద రంగు పోయిన రేకులు,
పంపులు పీకేసిన చోట నాలుగు బోల్టులు.
తొమ్మిదంతస్తులు లేస్తాయట ఇక్కడ.
లేచే ముందు
కింద ఏముందో చూసి చెప్పమని
మమ్మల్ని పంపారు.

ప్లాను కాగితం ఎవరి దగ్గరా లేదు.
ట్యాంకు ఎక్కడుందో భూమికి తెలుసు,
కంచె బయట సైకిలు పట్టుకు నిలబడ్డ
దాలినాయుడికి తెలుసు.
"అక్కడ కాదమ్మా, ఇటు, ఇటు" అంటూ లోపలికొచ్చి
కళ్లు మూసుకుని పదకొండు అడుగులేసి
మడమతో గీత గీశాడు.

ఆగర్ తిప్పాం.
అరమీటరు: ఎర్రమట్టి, గాజుపెంకులు, ఒక సోడా గోళీ.
మీటరు: ఎర్రమట్టి.
రెండు: ఎర్రమట్టే, కొంచెం తడి.
రెండున్నర దగ్గర ఎరుపు ఆగిపోయింది.
బూడిద రంగు, దానిలో పాచి నీడ,
తలనొప్పికి ముందొచ్చే ఒకరకం తీపి వాసన.
మీటరులో అంకెలు పరుగెత్తి
తొమ్మిదివందల దగ్గర ఆయాసపడ్డాయి.
ఈ ఊరి మట్టికి ఎరుపిచ్చింది ఇనుము.
గాలి అందని లోతులో
పెట్రోలు అరిగించుకోడానికి
కంటికానని పురుగులు
ఆ ఇనుములోని ఎరుపును కూడా తాగేశాయి.

వద్దు అనేలోపే దాలినాయుడు
పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
చాలాసేపటికి అన్నాడు:
"ఇదే."

పొద్దున్న నాలుగున్నరకి
ఇత్తడి కర్రకి సుద్ద పూసి ట్యాంకులో దించి
తడి ఎంతవరకొచ్చిందో రిజిస్టర్లో రాసేవాడు.
రాత్రి లెక్కకీ పొద్దుటి లెక్కకీ
ఒక నూలు తేడా.
నూలంటే పదిహేను లీటర్లు.
యజమాని మొదట ఆవిరి అన్నాడు,
తర్వాత షార్టేజీ అన్నాడు,
ఆ తర్వాత దాలినాయుడు అన్నాడు.
జీతం కోశాడు. అది చాలక
సంతకం వచ్చినవాడి చేత
తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించాడు.

"పెట్రోలు దొంగ కూతురా అని
బళ్లో మా గుంటని ఏడిపించేవోరు."
అంతే చెప్పాడు.
ముప్పైయారేళ్లు
ఈ బంకుకి ఎదురుగానే సైకిళ్లకి పంచర్లేశాడు.
గాలి ఎక్కడ పోతోందో
బకెట్ నీళ్లలో ముంచి బుడగ చూసి చెప్పగలడు.
ఈ ట్యాంకుని ముంచే బకెట్ లేకపోయింది.

సన్యాసమ్మ నుయ్యి పల్లంలో ఉంది, గెడ్డ వైపు.
నేల కింద నీళ్లూ అటే నడుస్తున్నాయని
మేం మూడు బోర్లేసి కనిపెట్టాం.
ఆవిడకి బోర్లు అక్కర్లేకపోయింది.
"ఆ నీలతో పప్పు ఉడకదు, ఉడికినా నోట ఎట్టలేం.
మున్సిపాల్టీవోలు బ్లీచింగు సల్లీసి ఎలిపోనారు."
గొట్టం దించి పైకి లాగితే
నీటి మీద సన్నటి పొర,
గాజుల కొట్లో రంగులన్నీ ఒకేసారి కదిలినట్టు.

సీసా మూత బిగించాను. ఐసు పెట్టెలో పెట్టాను.
ఫారంలో గడులు: తేదీ, లోతు, సేకరించినవారు, సాక్షి.
చివరి గడి చూపించి
దాలినాయుడికి పెన్నిచ్చాను.
"సంతకమా, ఏలిముద్రా?"
సంతకమే అన్నాను.
కర్రి దాలినాయుడు అని
ఇంటిపేరు దగ్గర్నుంచి గుండ్రంగా రాశాడు.
గడి చాలక 'నాయుడు' పక్క గడిలోకి,
ల్యాబు వాళ్లు ఖాళీగా ఉంచమన్న చోటికి వెళ్లింది.
నేను దిద్దలేదు.

సన్యాసమ్మ చేదతో నిలబడి అంతా చూసింది.
"ఆడు దొంగ కాడని నాకు ఆనాడే తెలుసు.
మరి నా నూతి సంగతేటి?"
రిపోర్టుకి మూడు వారాలన్నాను.
ఆవిడ మాట్లాడలేదు. గిన్నెలున్నాయి తోమాల్సినవి.
చేద వదిలింది.
కింద నీళ్లు తగిలిన చప్పుడు
మంచి నూతిలో ఎలా వినిపిస్తుందో
అలాగే వినిపించింది.