నల్లదారం

అంకీసల వేపపలుకులు ఎండే రోజులల్ల
గాలికి కూడ నోరు చేదుగుంటది.
నర్సుబాయి గానుగ కాడికి
కుక్కలు రావు, ఈగలు రావు,
గజ్జి లేసిన పోరగాండ్లు వస్తరు.

ఆమె చేతిల మందున్నదంటే అబద్ధం కాదు.
నా తలల పేన్లు ఆ నూనెకే సచ్చినయి.
నాట్లప్పుడు కాలివేళ్ల సందుల పాసిన తోలు
నాలుగు రాత్రులకు ఆరింది.
ఎద్దు మెడపుండు మీద ఈగ వాలలేదు.
చేదుకు మొక్కాలె, అనేది మా అత్త.
మొక్కిన.

విఠుకు అప్పటికి ఐదో నెల.
జలుబు, గురగుర, రాత్రంత ఏడుపు.
పైన రాస్తెనే ఇంత గుణమైతే
లోపటికి పోతె ఎంత గుణం!
ఈ లెక్క నాదే. ఎవ్వరు చెప్పలేదు.

నూనె ఉన్నది ఏ సీసాల?
వాడు రోజు తాగే గ్రైప్‌వాటర్ సీసాల.
దాని మీద నవ్వే పిల్లగాని బొమ్మ అట్లనే ఉన్నది.
కింద ఆశాతాయి అంటించిన చీటీ:
'ఫక్త్ బాహెరూన్'.
పైపూతకే అని.
నాకు మరాఠీ నోటికొస్తది, కంటికి రాదు.
తెలుగు గూడ అంతే.

ఒక చెంచ.

పొద్దుగాల కక్కుడు. తర్వాత నిద్ర,
లేపితే లేవని నిద్ర.
సిరొంచ పోయే జీపుల
చిన్నచెయ్యి కట్టెలెక్క బిగుసుకున్నది.

డాక్టరు నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ కోసింది.
మూత తీసి వాసన చూసి,
పసిపిల్లల కడుపుకు ఇది ఒక్క చుక్క గూడ వద్దని
తెలుగుల ఒకసారి, మరాఠీల ఒకసారి చెప్పిండు.
రెండుసార్లు నాకే.

అహేరిల తొమ్మిది రోజులు.

బతికిండు. మాటలు మాత్రం ఆలస్యంగ వచ్చినయి.
దానివల్లనేనా అని అడిగితే
డాక్టరు కాగితం దిక్కు చూసిండు.

మేం తిరిగొచ్చేసరికి నర్సుబాయి వాకిట్ల
పలిగిన గ్రైప్ సీసాలు కుప్ప.
ఇప్పుడు నూనె పోసుడు రేకుడబ్బలల్లనే.
ప్రతి డబ్బ చెవికి నల్లదారం, మూడు ముళ్లు.
కొనేటోళ్లతోని అనిపిస్తది:
తోలుకు. నోటికి కాదు.
పసిపిల్లలకు కాదు. కడుపుతోనున్నామెకు కాదు.
అన్నంకనే పైసలు ముడుతది.
దిష్టిదారమా అవ్వా, అని నవ్వుతరు కొందరు.
నవ్వనిస్తది.

మొన్న విఠు మోకాలికి గజ్జి లేసింది.
పొయ్యి వరుసల నిలబడ్డ. నా వంతొచ్చింది.
నాకేం మాఫీ లేదు.
దారం నా చేతికిచ్చి, ముడి నువ్వే ఎయ్యి అన్నది.
రెండు పడ్డయి. మూడోది జారింది,
మళ్ల ఏసిన.
అను, అన్నది.

నోటికి కాదు అనేది
నోటితోనే అనాలె కద.
వెనక నలుగురు వింటున్నరు.
విఠు నా కొంగు పట్టుకొని
మోకాలు గోక్కుంటున్నడు.