వేలిముద్ర

రెండువందల యాభయ్యో ఏడు.
గ్రంథాలయం మెట్ల మీద బ్యాండు, నిమ్మరసం,
వంతులవారీగా ప్రకటన చదవడానికి
ఫిలడెల్ఫియా ఎండలో బారులు తీరిన జనం.
లోపల, దీపాలు తగ్గించిన గదిలో
ఆ కాగితానికి నేను కాపలా.

"పెన్నులొద్దు, పెన్సిలే. గాజు ముట్టుకోకండి."
పొద్దుట్నించీ ఇదే జపం.
అందరూ పెద్దక్షరాలు చూసి ఫొటో తీసుకుని పోతున్నారు.

సిటీ బస్సు నడిపే ఎలియుడ్ మాత్రం
టోపీ చంకన పెట్టుకుని
కింది అంచు దగ్గర వంగాడు.
"ఇదెవరిది?"

సిరా ఆరకముందే కాగితం లాగిన
అచ్చాఫీసు కుర్రాడి బొటనవేలు.
పేరు తెలీదు.
సీసపు అక్షరాల్ని తిరగేసి చదవగలిగినవాడే అయ్యుంటాడు,
చివరికి మిగిలింది మాత్రం
నిశానీగాడిలా, ఇంత మరక.

సంతకాల మీద మా కరపత్రంలో
నాలుగు ఉపన్యాసాలున్నాయి.

ఎలియుడ్ తన బొటనవేలు గాజుకి ఆనించాడు,
సరిగ్గా దాని మీదుగా.
నేను వద్దనాలి.
బయట మైకులో ఎవరో పిల్ల
'సమానం' దగ్గర నాలుక తడబడి
వాక్యం మళ్ళీ మొదట్నించి అందుకుంది.

సాయంత్రం గాజు తుడవమన్నారు.
తుడిచాను,
ఆ మూల తప్ప.